బోయా దించడం సరే, నిలబెట్టేదెవరు?

1982లో పసిఫిక్ మహాసముద్రం వేడెక్కుతుంటే ప్రపంచం కనిపెట్టలేకపోయింది. సాధనాలు లేక కాదు, ఉన్న సాధనాలు అబద్ధం చెప్పాయి. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్‌లలో మెక్సికోలో ఎల్ చిచోన్ అగ్నిపర్వతం బద్దలైంది. అది వాతావరణం పైపొరల్లోకి చిమ్మిన సూక్ష్మకణాలు ఉపగ్రహాల చూపును మసకబార్చాయి. నీళ్లు ఉన్నదానికన్నా చల్లగా ఉన్నట్టు లెక్కలు వచ్చాయి. అటుగా వెళ్తున్న ఓడలు కొన్ని అసలు వేడిని కొలిచి పంపితే, అంత తేడా ఉండే అవకాశమే లేదంటూ కంప్యూటర్లు ఆ అంకెల్ని తప్పుల కింద జమకట్టి పక్కన పడేశాయి. అప్పటికే ఆ శతాబ్దంలోని అతి బలమైన ఎల్ నినోల్లో ఒకటి మొదలై నెలలు గడిచాయి. పెరూ, ఈక్వడార్‌లను వరదలు ముంచెత్తాయి. ఇండోనేసియా, ఆస్ట్రేలియాలు కరవుతో, కార్చిచ్చులతో అల్లాడాయి.

ఆ తలవంపుల్లోంచి పుట్టిందే లంగరు బోయాల వరుస. టోగా అనే పదేళ్ల అంతర్జాతీయ కార్యక్రమం 1985లో మొదలైంది. దాని కింద అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవాకు చెందిన సియాటిల్ ప్రయోగశాల అట్లాస్ అనే చవకైన బోయాను రంగంలోకి దించింది. రెండు మీటర్ల పైచిలుకు అడ్డుకొలత ఉన్న ఫైబర్‌గ్లాస్ చక్రం, దాని మీద గాలినీ తేమనూ కొలిచే పరికరాలు, కింద 500 మీటర్ల లోతు దాకా తీగ వెంబడి ఉష్ణమాపకాలు, అట్టడుగున లంగరుగా తుక్కు రైలు చక్రాలు. ఆ రైలు చక్రాల దగ్గరే ఇంజినీర్ల తెలివి కనిపిస్తుంది. అడుక్కి పోయిన లంగరు ఎలాగూ తిరిగి రాదు, దానికి డబ్బు పోయడం ఎందుకు? 1994 డిసెంబరు నాటికి భూమధ్యరేఖకు అటూ ఇటూ సుమారు 70 బోయాలతో పసిఫిక్ అడ్డంగా కాపలా పూర్తయింది. 2000 నుంచి పడమటి కొసను జపాన్ చూసుకుంది. 1997లో ఎల్ నినో మళ్లీ విరుచుకుపడినప్పుడు, నీళ్ల అడుగున వేడి తూర్పుకు జరగడం ఏ రోజుకారోజు తెర మీద కనిపించింది.

కథ ఇక్కడ ఆపితే విజయగాథే. కానీ అట్లాస్ బోయాను ఏడాది ఆయుష్షు లెక్కకట్టి చేశారు. ఏడాదికోసారి ఓడ వెళ్లి పాతదాన్ని తీసి కొత్తది దించాలి. ఈ పని చేస్తున్న కైమిమోవానా అనే ఓడను ఖర్చు తగ్గించుకునే తొందరలో 2012లో ఆపేశారు. రెండేళ్లు తిరిగేసరికి బోయాలు ఒకటొకటిగా మూగపోయాయి. 2014 ఆరంభంలో రావలసిన సమాచారంలో వస్తున్నది సుమారు 40 శాతమే. సరిగ్గా ఆ ఏడాదే పెద్ద ఎల్ నినో వస్తుందా రాదా అని ప్రపంచమంతా పసిఫిక్ వైపు చూస్తోంది! తర్వాత ఓడలు అద్దెకు తెచ్చి, హడావుడిగా ఆ వరుసను మళ్లీ నిలబెట్టారు. బోయాల నమూనాలో లోపమేమీ లేదు. తుపానేదో వచ్చి వాటిని ఊడ్చుకుపోలేదు. ఓడ వెళ్లడం మానేసింది, అంతే.

సొంతంగా బోయాలు తయారుచేసుకునే స్థాయికి చేరిన మన దేశం ఇప్పుడు శ్రద్ధగా చదవాల్సింది ఈ రెండో కథనే.

ఉపగ్రహాలుండగా ఇవెందుకు?

ఈ ప్రశ్న పద్దులు రాసేవాళ్లే కాదు, సైన్సు చదువుకున్నవాళ్లూ అడుగుతారు. మన ఓషన్‌శాట్ సముద్రం మీది గాలుల్ని కొలుస్తోంది. ఇన్సాట్ మబ్బుల్ని గంటగంటకూ ఫొటోలు తీసి పంపుతోంది. తుపాను ఎటు కదులుతుందో చెప్పడంలో గత రెండు దశాబ్దాల్లో సాధించిన మెరుగుదలలో సింహభాగం ఉపగ్రహాలదీ కంప్యూటర్ నమూనాలదీ. బోయాల తరఫున మాట్లాడేవాళ్లు ముందు ఈ మాట ఒప్పుకుని తీరాలి. బంగాళాఖాతమంత నీళ్లలో ఉండేవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని బోయాలు. తుపాను వాటిలో ఒకదాని పక్కగా వెళ్లడం అదృష్టం మీద ఆధారపడ్డ సంగతి. 2013 అక్టోబరులో పైలిన్ గోపాల్‌పూర్ వైపు వెళ్తున్నప్పుడు మన బోయాలకు అలాంటి అదృష్టం పట్టింది. అవి నమోదు చేసిన గాలి, అలలు, నీటి ఉష్ణోగ్రతల మీద పరిశోధన పత్రాలు వచ్చాయి. కానీ ఎప్పుడో తగిలే అదృష్టాన్ని చూపించి ఏటేటా డబ్బు అడగలేం.

బోయా అసలు విలువ వేరే ఉంది. పరారుణ కిరణాలతో చూసే ఉపగ్రహానికి తెలిసేది సముద్రపు పైచర్మం వేడి మాత్రమే, వెంట్రుకవాసి మందం కూడా ఉండదది. తుపానుకు మేత ఆ చర్మం కాదు, దాని కింద పదుల మీటర్ల మందాన నిలవ ఉన్న వేడి. ఆ లోతు కొలవడానికి ఆర్గో తేలుడు పరికరాలున్నాయి, ప్రపంచమంతటా నాలుగు వేల దాకా. అవి రెండు కిలోమీటర్ల లోతుకు మునిగి, పది రోజులకోసారి పైకి తేలి లెక్క అప్పజెబుతాయి. సముద్ర శాస్త్రాన్నే మార్చేసిన పరికరాలవి. అయితే ప్రవాహం ఎటు తోస్తే అటు పోతాయి, ఒకచోట ఉండవు. పైగా పది రోజుల విరామంలో బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి, వాయుగుండమై, తుపానై, తీరం దాటి, పేపర్లలో నష్టపరిహారం వార్తలు కూడా వచ్చేస్తాయి.

లంగరు బోయా కదలకుండా ఒకేచోట ఉంటుంది. పైన గాలి వేగం, పీడనం, తేమ, ఎండ, వాన కొలుస్తుంది. కింద నీటి వేడి, ఉప్పు, ప్రవాహం కొలుస్తుంది. రెండూ ఒకే గడియలో, ఒకే బిందువు దగ్గర. సముద్రం గాలికి ఎంత వేడి ఇస్తోంది, గాలి సముద్రాన్ని ఎంత కదిలిస్తోంది అన్న ఇచ్చిపుచ్చుకోవడాలను విడవకుండా లెక్కగట్టాలంటే పైదీ కిందదీ కలిపి కావాలి. ఉపగ్రహం చెప్పే అంకె నిజమా కాదా అని తేల్చుకోవడానికీ శాస్త్రవేత్తలు ఈ బోయా దగ్గరికే వస్తారు. 1982లో లేనిది ఈ సాక్షే.

బంగాళాఖాతం పేచీ

ఈ సాక్షి అవసరం మన తూర్పు సముద్రంలో మరీ ఎక్కువ. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి వానాకాలమంతా తెచ్చి పోసే మంచినీళ్లు ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి పైపైనే పరుచుకుంటాయి. ఆ పొర కుండ మీద మూతలాంటిది. మామూలుగా తుపాను గాలి సముద్రాన్ని చిలికినప్పుడు అడుగునున్న చల్లటి నీళ్లు పైకి వస్తాయి. అలా తన కింది నీళ్లను తానే చల్లార్చుకుని తుపాను కొంత నీరసిస్తుంది. బంగాళాఖాతం ఉత్తర భాగంలో, వానలు వెనక్కి తగ్గే అక్టోబరు, నవంబరు రోజుల్లో, ఆ చిలుకుడు మూత దగ్గరే ఆగిపోతుంది. చలికాలంలో ఒక్కోసారి ఉపరితలం కన్నా కిందే నీళ్లు వెచ్చగా ఉంటాయి. అప్పుడు చిలికితే పైకొచ్చేది చల్లదనం కాదు, వేడి! రెండు చోట్ల ఉపగ్రహం ఒకే ఉష్ణోగ్రత చూపించవచ్చు, అయినా ఒకచోట తుపాను చతికిలబడి రెండోచోట చెలరేగిపోవచ్చు. ఆ తేడా ఎక్కడుందో చెప్పగలిగేది నీళ్ల లోతున ఉన్న ఉప్పు. ఉప్పును కొలిచే ఉపగ్రహాలు లేకపోలేదు, కానీ వాటికి పైపొర తప్ప లోతు తెలియదు, తీరం దగ్గరపడితే అవి తడబడతాయి కూడా.

ఆంధ్ర తీరానికి ఇది పుస్తకాల చర్చ కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పోయిన ప్రాణాలు అధికారిక లెక్కల్లోనే పది వేల దరిదాపుల్లో ఉన్నాయి. 1996లో కోనసీమ తుపాను వెయ్యి మందికి పైగా పొట్టనపెట్టుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ నగరాన్ని ఛిన్నాభిన్నం చేసినా మరణాలు ఆ పాత స్థాయిలో లేవు. తుపాను దారి ముందే తెలిసింది, జనాన్ని ముందే తరలించారు. ఇప్పుడు మిగిలిన చిక్కు తుపాను బలం. తీరం దాటబోయే ముందు రెండు రోజుల్లో అది ఉన్నట్టుండి బలపడుతుందా, లేక నీరుగారిపోతుందా అన్నది దారి చెప్పినంత ధీమాగా ఇప్పటికీ చెప్పలేకపోతున్నారు. కలెక్టరుకు కావలసింది ఆ మాటే. ఎన్ని ఊళ్లు ఖాళీ చేయించాలి, ఎంత లోపలి దాకా వెళ్లాలి అన్నది దాని మీదే తేలుతుంది. ఖాళీ చేయించాక తుపాను తుస్సుమంటే, మరుసటిసారి ఊళ్లో ఎవరూ కదలరు.

వానల సంగతికొస్తే చిక్కు ఇంకా పెద్దది. 1997లో అంత బలమైన ఎల్ నినో ఉన్నా మన నైరుతి రుతుపవనాలు మోసం చేయలేదు. దేశం మొత్తం మీద వాన మామూలుకన్నా కాస్త ఎక్కువే పడింది. 2002లో ఓ మోస్తరు ఎల్ నినోకే 19 శాతం లోటు వచ్చింది, ఒక్క జులైలోనే సగానికి సగం తగ్గింది. వాతావరణ శాఖ సాధారణ వర్షపాతమని చెప్పిన ఏడాది అది. విత్తనాలు చల్లి మబ్బుకేసి చూసిన రైతుకు ఆ జులై ఇంకా గుర్తుండే ఉంటుంది. పసిఫిక్ ఒక్కదాన్నే నమ్ముకుంటే చాలదని ఈ రెండేళ్లూ చెప్పకనే చెప్పాయి. 1999లో సాజి, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా కలిసి హిందూ మహాసముద్రానికి తనదైన ఊగిసలాట ఒకటి ఉందని చూపారు. తూర్పు వైపు చల్లబడితే పడమర వేడెక్కడం, లేదంటే దానికి తిరగబడటం. ఇండియన్ ఓషన్ డైపోల్ అన్న పేరు తర్వాత మన వాతావరణ వార్తల్లోకీ ఎక్కింది. 1997లో ఎల్ నినో దెబ్బను కాచుకున్నది అదేనని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

అలాంటి సముద్రంలో అప్పటికి శాశ్వతమైన కాపలా దాదాపు శూన్యం. పసిఫిక్‌కు 1994లోనే బోయాల వరుస పూర్తయింది, అట్లాంటిక్‌కు 1997లో మొదలైంది, కోట్లాది జనం బతుకు వాన మీద ఆధారపడ్డ హిందూ మహాసముద్రం వంతు మాత్రం 2004లో గానీ రాలేదు. రామా అన్న పేరుతో 46 చోట్ల బోయాలు నిలపాలని ప్రణాళిక వేశారు. బోయాల్లో ఎక్కువ అమెరికావి, కొన్ని జపాన్‌వి. వాటిని దించడానికీ మార్చడానికీ సాగర్ కన్య, సాగర్ నిధి వంటి ఓడలను మన దేశం ఇచ్చింది. పడమటి వైపు కొన్ని చోట్ల సోమాలియా సముద్రపు దొంగల భయంతో ఏళ్ల తరబడి పని ఆగింది. వాతావరణ శాస్త్రానికి అడ్డొచ్చే వాటి జాబితాలో సముద్రపు దొంగలు కూడా ఉంటారని ఎవరు ఊహిస్తారు?

దీనికి సమాంతరంగా మన సొంత ప్రయత్నం సాగింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, నియోట్, 1993లో ఏర్పడింది. తొంభైల నడిమిలో అక్కడ జాతీయ డేటా బోయా కార్యక్రమం మొదలైనప్పుడు బోయాలు నార్వే సాయంతో వచ్చాయి. తర్వాత నియోట్ ఇంజినీర్లు లోతు నీళ్లకు తగిన ఓమ్ని బోయాలను తామే రూపొందించారు. 500 మీటర్ల లోతు దాకా వేడినీ ఉప్పునూ కొలిచి, మూడు గంటలకోసారి ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు చేరవేసే సాధనాలవి. ఆ అనుభవంతోనే 2014 జులైలో ఆర్కిటిక్‌లోని కాంగ్స్‌ఫ్యోర్డన్‌లో ఇండార్క్ అనే నీటి అడుగు మూరింగ్‌ను కూడా దించారు. బోయాలు పంపిన సమాచారాన్ని సముద్ర సూచనలుగా, హెచ్చరికలుగా మలిచే పని మాత్రం హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్‌ది. సముద్రపు గాలి సోకని ఊళ్లో కూర్చుని దేశం సముద్రాన్ని చదువుతోంది. ఇందులో వింతేమీ లేదు, కాకపోతే ఆ కార్యాలయం తమ ఊళ్లోనే ఉందని హైదరాబాదీల్లో ఎందరికి తెలుసో అనుమానమే.

అసలు ఖర్చు ఎక్కడ

బోయాను సముద్రంలో నిలపడం ఎలాంటి పనో చెప్పుకుంటే తప్ప నిర్వహణ అన్న మాటకు అర్థం తేలదు. ఓడ చోటికి చేరాక ముందు లోతు కొలుస్తారు. బంగాళాఖాతంలో అది రెండు మూడు కిలోమీటర్లు ఉండొచ్చు. బోయాను మొదట నీళ్లలోకి వదిలి, ఓడ మెల్లగా ముందుకు పోతుంటే తాడు విడుస్తూ వెళ్తారు. పైన చేపల కొరుకుడుకు లొంగని ఉక్కు తీగ, కింద సాగే నైలాన్, ఆ కింద నీళ్లలో తేలే తాడు, మధ్యలో తేలే గాజు గోళాలు. గంటలు గడిచాక ఆఖరున టన్నుల బరువున్న లంగరును జారవిడుస్తారు. అది మునుగుతూ మునుగుతూ బోయాను తన చోటికి లాక్కుంటుంది. లంగరుకు కాస్త పైన శబ్దం వింటే విడిపోయే కొక్కెం ఉంటుంది. ఏడాది తర్వాత ఓడ వచ్చి నీళ్లలోకి సంకేతం పంపితే కొక్కెం తెరుచుకుంటుంది. లంగరు అడుగునే ఉండిపోతుంది, మిగతాదంతా పైకి తేలుతుంది. అలలు పెద్దవైతే ఈ పనిలో ఏదీ సాగదు.

ఆ ఏడాదిలో బోయా మీద ఎండ, ఉప్పు, తుపాను పడుతూనే ఉంటాయి. నాచు, గుల్లజీవులు పరికరాలను కప్పేస్తాయి. ఉప్పు కొలిచే పరికరం మెల్లమెల్లగా తప్పు చూపడం మొదలుపెడుతుంది. ఆగిపోతే మేలు, తెలిసిపోతుంది. ఆగకుండా కొంచెం కొంచెం తప్పు చెప్పేదే ప్రమాదకరం. అందుకే తీసిన ప్రతి పరికరాన్నీ ప్రయోగశాలకు తెచ్చి సరిచూసి, ఎంత దారి తప్పిందో లెక్కగట్టి, పాత సమాచారాన్ని దిద్దుకోవాలి. ఈ పని చేసేవాళ్ల ఫొటోలు పేపర్లో పడవు. జూన్‌లో బోయా మూగబోతే, రుతుపవనాల అలల్లో ఓడ వెళ్లి దాన్ని బాగుచేయడం కష్టం. సముద్రం నెమ్మదించే దాకా ఆగాలి. అంటే మనకు సమాచారం అత్యవసరమైన కాలంలోనే రికార్డులో ఖాళీలు పడే ప్రమాదం ఎక్కువ. ఏటా అదే కాలంలో ఖాళీలు పడితే ఆ రికార్డు మీద ఆధారపడి వాతావరణ మార్పు గురించి చెప్పేదంతా వంకర పోతుంది. ఉష్ణమండల హిందూ మహాసముద్రం 1951 నుంచి 2015 మధ్య సగటున ఒక డిగ్రీ వేడెక్కిందని భూ విజ్ఞాన శాఖ నివేదికే చెప్పింది. అరవై అయిదేళ్లలో ఒక డిగ్రీ. అలాంటి మార్పును పట్టుకోవాలనుకునే పరికరం అర డిగ్రీ తప్పు చూపితే అది ఉండీ లేనట్టే.

ఇవన్నీ కలిపితే బోయా ధరకన్నా దాని దగ్గరికి వెళ్లొచ్చే ఓడ ఖర్చే భారమని తేలుతుంది. కానీ బడ్జెట్‌లో బోయా కొనుగోలు కనపడే ఖర్చు, ప్రారంభోత్సవం చేయదగ్గ ఖర్చు. ఓడ రోజులు కనపడని ఖర్చు, కోత పడితే ఎవరూ అడగని ఖర్చు. లోతు సముద్ర మిషన్‌కు 2021లో 4,077 కోట్లు మంజూరైనప్పుడు అందరి కళ్లూ మనుషుల్ని ఆరు కిలోమీటర్ల లోతుకు తీసుకెళ్లే మత్స్య-6000 మీద పడ్డాయి. దాన్ని తయారుచేస్తున్నదీ నియోటే. అదీ గొప్ప పనే, కాదనను. అయితే అదే ప్రాంగణంలో అదే ఓడల కోసం వరుసలో నిలబడే బోయా విభాగం మాటేమిటి? 2024 సెప్టెంబరులో కేంద్రం రెండేళ్లకు 2,000 కోట్లతో మిషన్ మౌసం ప్రకటించింది. రాడార్లు, సూపర్ కంప్యూటర్లు వస్తాయి, రావాలి కూడా. సముద్రం, గాలి కలిపి లెక్కగట్టే నమూనాలతో 2012 నుంచీ రుతుపవనాల అంచనాలు చేస్తున్నాం. అలాంటి నమూనాకు మొదటి రోజు సముద్రం లోపల ఎలా ఉందో ఎవరో ఒకరు చెప్పాలి. కంప్యూటర్ ఎంత పెద్దదైనా తెలియని ఉప్పును ఊహించి చెప్పలేదు.

ఇక బోయాలకున్న మరో బెడద, చేపల వేట సంగతి. ఖాళీ సముద్రంలో ఏ వస్తువు తేలుతున్నా దాని నీడన చిన్న చేపలు చేరతాయి, వాటి కోసం పెద్దవి వస్తాయి. మన తీరంలో సూర అని పిలిచే ట్యూనా జాతి చేపలకు బోయా పక్కన మంచి మేత. కాబట్టి బోట్లూ అక్కడికే వస్తాయి. వలలు, గేలాలు తాళ్లకు చుట్టుకుంటాయి. బోయాకే బోటు కట్టేసి రాత్రంతా ఉంటారు. కొన్నిసార్లు సౌర ఫలకాలు, బ్యాటరీలు మాయమవుతాయి. ఇది ఒక్క మన తీరం సమస్య కాదు, ప్రపంచంలో బోయాలున్న ప్రతి సముద్రంలోనూ ఉంది. హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 2011లో డేటా బోయాకు ఒక నాటికల్ మైలు లోపల ఉద్దేశపూర్వకంగా చేపలు పట్టడాన్ని నిషేధిస్తూ తీర్మానం చేసింది. నియోట్ కొన్ని బోయాలకు కెమెరాలు బిగించింది. అమెరికన్లు కొన్నిచోట్ల పైన పరికరాలేవీ లేకుండా, ఎక్కడానికి పట్టు దొరకని శంకువు ఆకారపు బోయాలు వాడారు. గాలి కొలతలు పోయినా పర్వాలేదు, నీళ్ల కొలతలు దక్కితే చాలన్న రాజీ అది.

కెమెరాలతో, నిషేధాలతో నడి సముద్రాన్ని కాపలా కాయలేమన్నది నా అభిప్రాయం. తీరం నుంచి వందల కిలోమీటర్ల దూరాన ఎవరు ఎవర్ని పట్టుకుంటారు? మత్స్యకారులకు అవగాహన సదస్సులు జరుగుతున్నాయి, మంచిదే. కానీ సదస్సులో చెప్పేది ‘బోయా జోలికి రావద్దు’ అనే. బోయా వాళ్లకేమిస్తోందో కనిపించదు. వేటకు బయల్దేరే ముందు అలల ఎత్తు గురించి ఇన్‌కాయిస్ ఇచ్చే సూచనల్లో సముద్రంలోంచి వచ్చే కొలతల పాత్ర ఉంది. విశాఖ, కృష్ణపట్నం తీరాల్లోని అల కొలిచే బోయాలు ఈ పనికే ఉన్నాయి. ఫలానా బోయా దగ్గర ఈ తెల్లవారుజామున గాలి ఇంత, అల ఇంత అని ఆ బోయా పేరుతో సహా ఫిషింగ్ హార్బర్ బోర్డు మీద తెలుగులో రోజూ రాస్తే, ఆ బోయా ఆగిపోయిన రోజు ఎందుకు ఆగిందని మొదట అడిగేది బోటు యజమానే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధ కాలం. ఆ అరవై ఒక్క రోజుల్లో కొందరు అనుభవజ్ఞులైన సరంగుల్ని బోయా ఓడల మీద పనికి తీసుకెళ్లడం కూడా ఆలోచించదగ్గదే. సముద్రం తెలిసినవాళ్లు, తాడు పని తెలిసినవాళ్లు వాళ్లు.

విదేశీ భాగస్వామ్యం మీద భారం వేసి కూర్చునే రోజులూ పోయాయి. 2025లో అమెరికా ప్రభుత్వం మరుసటి ఏడాది బడ్జెట్ ప్రతిపాదనల్లో నోవా పరిశోధన విభాగాన్నే రద్దు చేయాలని రాసింది. రామా బోయాలను చూసుకునే సియాటిల్ ప్రయోగశాల ఆ విభాగంలోదే. ఆ ప్రతిపాదన ఎటు తేలినా మనకు హెచ్చరిక అందినట్టే. రామా బోయాల సమాచారం మొదటి నుంచీ ప్రపంచానికంతా ఉచితంగా, అప్పటికప్పుడు దొరుకుతోంది. మన ఓమ్ని బోయాల విషయంలో మాత్రం భద్రత కారణాలతో చాలాకాలం తలుపులు సగమే తెరిచి ఉంచాం. 2021 ఆగస్టులో ఓమ్ని, రామా సమాచారాన్ని ఒకేచోట అందించే ఉమ్మడి పోర్టల్ తెరవడం మెచ్చుకోదగ్గ అడుగు. దేశ ప్రత్యేక సముద్ర ఆర్థిక మండలం లోపలి బోయాల సమాచారాన్ని కూడా, కనీసం మన విశ్వవిద్యాలయాల పరిశోధకులకు, దరఖాస్తుల తతంగం లేకుండా అందిస్తే అడ్డేమిటి? ఎక్కువమంది చూసే అంకెలో తప్పు తొందరగా బయటపడుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా వాతావరణ, సముద్ర శాస్త్రాలు బోధిస్తున్నారు. ఎదురుగా కనిపించే సముద్రం సమాచారం కోసం అక్కడి విద్యార్థి విదేశీ వెబ్‌సైట్ల చుట్టూ తిరగాల్సి రావడం బాగోలేదు.

మనిషి లేకుండా తిరిగే సెయిల్‌డ్రోన్లు, నీళ్లలో ఈదే గ్లైడర్లు వస్తున్నాయి కదా, ఈ లంగరు సంత ఇంకెందుకు అనేవారున్నారు. 2021లో శామ్ హరికేన్ లోపలి నుంచి ఓ సెయిల్‌డ్రోన్ వీడియో పంపింది, ఆశ్చర్యకరమైన దృశ్యమది. వాటికి చోటుంది. కానీ 500 మీటర్ల లోతు దాకా పరికరాల దండను వేలాడదీసుకుని ఇరవై ఏళ్లపాటు ఒకే బిందువును అంటిపెట్టుకుని ఉండటం వాటి పని కాదు. ఇరవై, ముప్పై ఏళ్ల రికార్డును ఈ రోజు ఎంత డబ్బు పెట్టినా వెనక్కి వెళ్లి కొనుక్కురాలేం. నడుస్తున్న రికార్డు మధ్యలో తెగితే ఆ ముక్క శాశ్వతంగా పోయినట్టే.

భూ విజ్ఞాన శాఖ అయిదు పథకాలను కలిపి 4,797 కోట్లతో మంజూరు చేసిన పృథ్వి పథకం 2021-26 కాలానిది. తర్వాతి పథకంలో బోయాల కొనుగోలుకూ ఓడ రోజులకూ వేర్వేరు పద్దులుండాలి. రెండోదాన్ని మొదటిదానికి మళ్లించే వీలు ఉండకూడదు, మొదటిదాన్ని రెండోదానికి మళ్లించే వీలు ఉండాలి. మరొకటి ఖర్చు లేని పని: నిలిపిన బోయాల్లో ఎన్ని ఈ నెల సమాచారం పంపాయి, ఏ పరికరం ఎన్ని రోజులు ఆగింది, ఆగినదాని దగ్గరికి ఓడ ఎప్పుడు వెళ్తుంది అన్న మూడు వివరాలను ప్రతి నెలా మొదటి వారంలో ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. పార్లమెంటులో తీర ప్రాంత సభ్యులు వాతావరణ శాఖను అడిగే ప్రశ్నల్లో కొన్నయినా అప్పుడు తుపాను వెళ్లాక కాకుండా, ముందు వస్తాయి.